ఈవీ చార్జర్‌లో ఎర్త్ ఫాల్ట్: చెయ్యి పెట్టే ముందు జాగ్రత్తలు

• పడిపోయిన ఆర్‌సీసీబీని (కరెంటు నేలలోకి లీకైతే, అంటే ఎర్త్ ఫాల్ట్ వస్తే, సరఫరా ఆపే స్విచ్) పదే పదే ఎత్తకండి. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా వస్తేనే అది పడుతుంది. ఇళ్లలో ఎక్కువగా వాడే రకానికి ఆ హద్దు 30 మిల్లీ ఆంపియర్లే. "ఈ ఒక్క రాత్రికీ" అంటూ దాన్ని బైపాస్ చేయడం మాత్రం వద్దే వద్దు.

• ముందు చార్జింగ్ ఆపి, కారు నుంచి గన్ (చార్జింగ్ ప్లగ్) తీయండి. ఆ తర్వాతే చార్జర్ ఎమ్‌సీబీ (ఆ లైన్‌కు బోర్డులో ఉండే బ్రేకర్ స్విచ్) ఆపండి. ఇంట్లోవాళ్లు చూసుకోకుండా ఆన్ చేసే ప్రమాదం ఉంది. తాళం వేయండి, లేదంటే కాగితం రాసి అంటించండి.

• స్విచ్ ఆపినంత మాత్రాన కరెంటు పోయిందని నమ్మకండి. మల్టీమీటర్‌ను (వోల్టేజీ కొలిచే మీటరు) ముందు పనిచేసే సాకెట్‌లో చూడండి. తర్వాత చార్జర్ దగ్గర ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ చూడండి. మళ్లీ అదే సాకెట్‌లో చూడండి. మీటరు మధ్యలో పాడైతే సున్నా చూపించి మోసం చేస్తుంది, అందుకే ఈ చాదస్తం.

• చార్జర్ లోపలి కెపాసిటర్లలో (కరెంటును నిల్వ ఉంచే భాగాలు) స్విచ్ ఆపాక కూడా చార్జ్ మిగిలి ఉంటుంది. మాన్యువల్ చెప్పినంతసేపు ఆగండి.

• తడి చేతులు, తడి నేల, వాన: పని వాయిదా.

• గన్ పిన్నుల్లో చెమ్మ, నలుపు, కేబుల్‌పై నలిగిన చోట్లు కంటితోనే వెతకండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

• మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో వైర్ల ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెడితే వైరింగ్‌కే పెట్టాలి. దాని 500 వోల్టులు తగిలితే చార్జర్ బోర్డు పోవచ్చు. వైరింగ్ నుంచి చార్జర్‌ను విడదీశాకే పరీక్ష.

• కారులోని నారింజ రంగు (హై వోల్టేజీ) కేబుళ్ల జోలికి పోవద్దు.

• మీటరు చదవడం రాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.