రేడియేటర్ హోస్ నుంచి కూలెంట్ కారుతుంటే ఇంటి దగ్గరే సరిచేసుకునే విధానం

రిజర్వ్ ట్యాంకులో మొన్న గీత దాకా ఉన్న కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, ఇవాళ వేలెడు తగ్గి కనిపిస్తే, దాన్ని నీళ్లతో నింపేసి బండి బయటికి తీసే అలవాటు చాలామందికి ఉంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు కూలెంట్ వ్యాకోచించి మట్టం కొంత పెరగడం, చల్లారాక తగ్గడం సహజమే కాబట్టి మట్టాన్ని ఎప్పుడూ ఉదయం పూట, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చూడాలి. అలా చూసినా వారం వారం తగ్గుతూ పోతుంటే అది ఎక్కడో బయటికి పోతున్నట్టే లెక్క, ఎందుకంటే కూలింగ్ వ్యవస్థ మూసి ఉన్న వలయం. అందులోది దానంతటది ఖర్చు కాదు. కారే చోట్లలో అన్నిటికంటే సులువుగా ఇంట్లో సరిచేసుకోగలిగింది రేడియేటర్ హోస్, అంటే ఇంజిన్‌కూ రేడియేటర్‌కూ మధ్య కూలెంట్‌ను మోసే రబ్బరు గొట్టం. ఇవి పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. అయితే గొట్టం మార్చడం ఈ పనిలో చిన్న భాగం మాత్రమే. కారుతున్న చోటును సరిగ్గా పట్టుకోవడం, చివర్లో వ్యవస్థలోంచి గాలిని పూర్తిగా వెళ్లగొట్టడం, ఈ రెండింటి దగ్గరే అసలు శ్రద్ధ కావాలి.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట బాగా గుర్తుంచుకోవాలి. వేడిగా ఉన్న ఇంజిన్ మీద రేడియేటర్ మూతను ఏ పరిస్థితిలోనూ తీయకూడదు. చాలా కార్లలో ఆ మూత లోపల సుమారు 1 బార్ అదనపు పీడనాన్ని నిలబెడుతుంది. ఆ పీడనం వల్ల మామూలు నీళ్లే 120 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వెళ్లేదాకా మరగవు. సగం కూలెంట్ కలిసిన నీళ్లు ఇంకా ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. మూత తీసిన క్షణంలో ఆ పీడనం పోయి, లోపలిది ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. మూతపై గుడ్డ కప్పి కొద్దికొద్దిగా తిప్పితే ఏమీ కాదని చెప్పేవారి మాట దయచేసి వినకండి. కనీసం రెండు గంటలు ఆగి, పై హోసును చేత్తో నొక్కినప్పుడు మెత్తగా, చల్లగా ఉందని తెలిశాకే మూతపై చెయ్యి వేయాలి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది కనుక, చేతులు లోపలికి పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగను ఊడదీయడం మంచిది.

ఇక కారుతున్న చోటును వెతకడం. నేల మీద మరక ఎక్కడ పడిందో హోస్ అక్కడే చెడిందని అనుకోకూడదు. పై హోస్ మొదట్లో పుట్టిన చుక్క గొట్టం అడుగున జారుకుంటూ వెళ్లి, వంపు తిరిగిన చోట వేలాడి, అక్కడినుంచి కింది హోస్ మీదో ఫ్రేము మీదో పడి, చివరికి ఇంకెక్కడో నేలను తాకుతుంది. అందుచేత కింది నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్లి, తడిసిన భాగాలన్నిటిలోనూ అన్నిటికన్నా ఎత్తున ఉన్నదాన్ని పట్టుకోవాలి. టార్చి వేసి, హోస్ చివరను బిగించి పట్టే క్లిప్పు చుట్టూ దగ్గరగా చూస్తే, ఆరిపోయిన కూలెంట్ తెల్లగానో, దాని రంగులోనే ఆకుపచ్చగానో గులాబీగానో పొరలాగా గట్టిపడి ఉంటుంది. గోటితో గీరితే పొడిగా రాలుతుంది. ఆ పొర ఉన్న చోటు చాలాకాలంగా చెమరుస్తున్నదన్నమాట. ఏమీ దొరకకపోతే అన్నిటినీ తుడిచి ఆరబెట్టి, హోస్ రెండు చివర్లా టిష్యూ కాగితం చుట్టి, ఇంజిన్‌ను పావుగంట నడిపి ఆపి చూడాలి. కాగితాన్ని బెల్టుకు, ఫ్యానుకు దూరంగా గట్టిగా చుట్టాలి.

కంటికి బాగానే కనిపించే హోస్ కూడా లోపల చెడిపోయి ఉండవచ్చు. ఈ గొట్టాలను ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో, మధ్యలో దారపు అల్లికతో తయారుచేస్తారు. కూలెంట్, ఇంజిన్ లోహభాగాల మధ్య జరిగే విద్యుత్ రసాయన చర్య వల్ల రబ్బరు లోపలి గోడలో సన్నని నిలువు బీటలు పుట్టి, క్రమంగా అల్లిక దాకా చేరుతాయి. ఇవి చివర్ల దగ్గరే ఎక్కువగా వస్తాయి కాబట్టి, చల్లారిన హోసును మధ్యలో ఒకసారి, క్లిప్పు పక్కనే ఒకసారి బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి పోల్చి చూడాలి. చివర మరీ మెత్తగా తగిలినా, లోపల గాడి ఉన్నట్టు అనిపించినా, నొక్కినప్పుడు చిటపటమని చప్పుడు వచ్చినా ఆ హోస్ రోజులు దగ్గరపడ్డాయి. ఇంజిన్ నూనె తగిలిన చోట రబ్బరు ఉబ్బి జిగురుగా మారుతుంది. అలాంటప్పుడు నూనె కారే చోటునూ సరిచేయకపోతే కొత్త హోస్ కూడా అదే దారి పడుతుంది.

కూలెంట్ తగ్గుతున్నా బయట ఎక్కడా తడి లేకపోవడం, పొగగొట్టం నుంచి తెల్లని పొగ ఆగకుండా రావడం, ఇంజిన్ నూనె పాలు కలిపిన కాఫీ రంగులోకి మారడం కనిపిస్తే అది హోస్ సమస్య కాదు. ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించి, బండి నడపకుండా మెకానిక్‌కు చూపించాలి.

చెమ్మ క్లిప్పు అంచున మాత్రమే ఉండి, రబ్బరు గట్టిగా, బీటలు లేకుండా ఉంటే మర ఉన్న క్లిప్పును ఒక చుట్టో ఒకటిన్నర చుట్టో బిగిస్తే చాలవచ్చు. అంతకు మించి బిగిస్తే క్లిప్పు రబ్బరును కోస్తుంది, హోస్ తొడిగే ప్లాస్టిక్ మూతి పగులుతుంది. రబ్బరులోనే లోపం ఉంటే అతుకులు పనికిరావు. తనలో తాను అతుక్కునే సిలికాన్ టేపును పొడి గొట్టం మీద సాగదీసి చుట్టి, దారిలో ఆగిపోయిన బండిని నెమ్మదిగా ఇల్లు చేర్చవచ్చు. దాని పని అంతవరకే.

కొత్త హోసును కారు మోడల్, ఇంజిన్, తయారైన సంవత్సరం చెప్పి, వంపులు తేడా లేకుండా కొనాలి. తిన్నని గొట్టాన్ని వంచి పెడితే నలిగిన చోట ప్రవాహం తగ్గుతుంది. క్లిప్పులు కూడా కొత్తవే తీసుకోండి. రబ్బరు వేడికి ఉబ్బి చలికి కుంచించుకున్నా స్ప్రింగు క్లిప్పు తన పట్టును తానే సర్దుకుంటుంది కనుక, కారులో మొదటినుంచీ అదే ఉంటే దాన్నే కొనసాగించాలని నా అభిప్రాయం.

రేడియేటర్ కింద వెడల్పాటి తొట్టి పెట్టి, మూత తీసి, అడుగున ఉన్న డ్రెయిన్ మరను విప్పితే కూలెంట్ దిగుతుంది. ఆ మర లేని బండ్లలో కింది హోసును మెల్లగా ఊడదీయాలి. కారు కిందికి వెళ్లాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు, గట్టి స్టాండ్లు పెట్టాలి. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. కుక్కలు, పిల్లులు నాకే ప్రమాదం ఉంది కనుక పిల్లలకూ జంతువులకూ అందకుండా వెంటనే మూత ఉన్న డబ్బాలో పోసి, ఒలికిన చోటును బాగా కడగాలి. డబ్బాలోదాన్ని కాలువలో పారబోయకుండా పాత కూలెంట్ తీసుకునే గ్యారేజీకి అప్పగించాలి.

పాత హోస్ మూతికి అతుక్కుపోయి కదలకపోతే గట్టిగా మెలిపెట్టకండి. నేనొకసారి తొందరపడి అలా తిప్పినప్పుడు ప్లాస్టిక్ ట్యాంకు మూతి విరిగి, చిన్న గొట్టంతో పోవాల్సిన పనికి రేడియేటరే మార్చాల్సి వచ్చింది. క్లిప్పును వెనక్కి జరిపి, కత్తితో రబ్బరును పొడవునా చీల్చి, అరటి తొక్కలా ఒలిచేస్తే మూతికి దెబ్బ తగలదు. కత్తి మొన మాత్రం మూతిలోకి దిగకుండా పైపైనే కోయాలి. తర్వాత మూతి మీద మిగిలిన పొరను తుడవాలి. లోహపు మూతి అయితే సన్నని ఎమెరీ కాగితంతో రుద్దవచ్చు, ప్లాస్టిక్ అయితే తడి గుడ్డే వాడాలి.

క్లిప్పులను ముందే హోసుకు తొడిగి, మూతికి గ్రీజు, నూనె కాక కొద్దిగా కూలెంట్ రాసి, హోసును మూతి మీది ఉబ్బెత్తు గట్టు దాటి లోపలికి పోయేలా నెట్టాలి. క్లిప్పు ఆ గట్టుకు వెనక, హోస్ అంచుకు కొన్ని మిల్లీమీటర్లు లోపల కూర్చోవాలి. గట్టు మీదే కూర్చున్న క్లిప్పు ఎంత బిగించినా జారుతుంది. హోస్ ఫ్యానుకు, బెల్టుకు తగలకుండా ఉందో లేదో చూసుకోవాలి.

డ్రెయిన్ మర బిగించి, తీసిన బ్యాటరీ తీగను తిరిగి కలిపాక, కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి నెమ్మదిగా పోయాలి. సగం కలిపి అమ్మే రకమైతే మళ్లీ నీళ్లు కలపకూడదు. రంగు ఒకటేనని వేర్వేరు రకాలను కలపడం కూడా తప్పే. ఇప్పుడు గాలి సంగతి. లోపల గాలి బుడగ నిలిచిపోతే కూలెంట్ తిరగక ఇంజిన్ వేడెక్కుతుంది, వేడిని చూపే మీటరు ముల్లు కూడా ఒక్కోసారి అబద్ధం చెబుతుంది. క్యాబిన్ హీటరును పూర్తి వేడిలో పెట్టి, మూత తీసి ఉంచి, చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్టు చేసి యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో నడవనివ్వాలి. బుడగలు పైకి వస్తుంటే మట్టం తగ్గుతుంది, తగ్గినంత పోయాలి. గాలి వదిలే మర ఉన్న బండ్లలో అక్కడినుంచి బుడగలు లేని ధార వచ్చాక దాన్ని బిగించాలి. కూలెంట్ వెచ్చబడి పొంగడం మొదలుపెట్టగానే మూత బిగించేయాలి. ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ ఎక్కువ కార్లలో 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అప్పుడు పై హోస్ వేడెక్కి, హీటరు నుంచి వేడి గాలి వచ్చి, కాసేపటికి ఫ్యాను కొంతసేపు తిరిగాక ఆగుతుంది.

పావుగంట దగ్గరలోనే నడిపి వచ్చి, మూత ముట్టుకోకుండా హోస్ చివర్లను టార్చితో చూడాలి. మర్నాడు చల్లని ఇంజిన్ మీద మట్టం కొంత తగ్గి ఉంటే కంగారు పడనక్కరలేదు, మిగిలిన గాలి బయటికి పోయిందన్నమాట. గీత దాకా పోసి, వారం పాటు రోజూ ఉదయం చూస్తూ ఉండండి. రెండో హోస్ కూడా అదే వయసుదైతే, కూలెంట్ దించిన ఈ సందర్భంలోనే దాన్నీ మార్చేయడం నయం.