హాలోవీన్ రాత్రి పిల్లల్ని జాగ్రత్తగా ఎలా తిప్పాలి?

పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి క్యాండీ అడిగే హాలోవీన్, అంటే అక్టోబర్ 31, దగ్గర పడిందంటే అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే టెన్షన్: క్యాండీలో ఎవరైనా ఏమైనా కలుపుతారేమోనని. ఆ రాత్రి నిజంగా భయపడాల్సింది మాత్రం కార్లకి. మామూలు సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ నాడు కార్లు ఢీకొని చనిపోయే పిల్లలు ఎక్కువ.

1. వేషం ముందే వేసి చూడండి
కాస్ట్యూమ్ వేయించి ఇంట్లో మెట్లు ఎక్కి దిగమనండి. అంచు కాళ్లకి అడ్డం పడితే మడిచి కుట్టేయండి. దీపావళి పట్టులంగానే ప్రిన్సెస్ వేషంగా సరిపెట్టే ఇళ్లూ ఉంటాయి (2024లో రెండు పండగలూ ఒకే రోజు వచ్చాయి). అప్పుడు లంగా కాస్త పైకి కట్టి, కింద మామూలు బూట్లు వేయండి. కొందరు గుమ్మం ముందు పెట్టే గుమ్మడికాయల్లో నిజం కొవ్వొత్తులే వెలిగిస్తారు కాబట్టి చున్నీ వేలాడకూడదు. కళ్లకి అడ్డొచ్చే మాస్కు కంటే ముఖానికి రంగు నయం. అదీ ముందురోజే చేతిమీద కొంచెం రాసి, దద్దురు రాకపోతేనే.

2. చీకట్లో కనబడేలా చేయండి
బ్యాట్‌మాన్ నలుపు, మంత్రగత్తె నలుపు. వీపుకి, క్యాండీ సంచికి రిఫ్లెక్టివ్ టేప్ అతికించండి, చేతికో టార్చిలైటు ఇవ్వండి.

3. రోడ్డు దగ్గర పెద్దవాళ్లకీ ఒక మాట
ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యల్ని తోడు పంపుతున్నారా? మన దగ్గర రోడ్డు దాటేటప్పుడు ముందు కుడివైపు చూడటం అలవాటు. ఇక్కడ కారు ముందు ఎడమవైపు నుంచి వస్తుంది. ఈ సంగతి బయల్దేరే ముందే చెప్పండి. సైడ్‌వాక్ లేని వీధిలో ఎడమ అంచున, ఎదురొచ్చే కార్లు కనబడేలా నడవాలి. వీధికి ఒకవైపు ఇళ్లన్నీ పూర్తిచేశాక, మూలమలుపు దగ్గర ఒక్కసారే దాటండి. స్నేహితుణ్ని చూడగానే అడ్డంగా పరిగెత్తడమే అసలు ప్రమాదం. డ్రైవ్‌వేలో వెనక్కి వచ్చే పెద్ద కారు డ్రైవరుకి నాలుగేళ్ల పిల్ల తల కూడా కనబడదు.

4. ఏ ఇంటికి వెళ్లాలి?
పోర్చ్ లైటు వెలుగుతున్న ఇంటికే. గుమ్మం బయటే క్యాండీ తీసుకోవాలి, లోపలికి రమ్మన్నా వెళ్లకూడదు. పన్నెండేళ్ల లోపు పిల్లల వెంట పెద్దవాళ్లు ఉండాల్సిందే.

5. క్యాండీ ఇంటికొచ్చాకే
అన్నం పెట్టి పంపితే దారిలో తినాలనే తొందర తగ్గుతుంది. 1974లో టెక్సాస్‌లో సైనైడ్ కలిపిన క్యాండీ తిని 8 ఏళ్ల బాబు చనిపోయిన మాట నిజమే. కానీ అది కలిపింది ముక్కూమొహం తెలియనివాళ్లు కాదు, ఇన్సూరెన్స్ డబ్బుకి ఆశపడ్డ కన్నతండ్రి. మీరు చూడాల్సినవి వేరు. రేపరు చిరిగిన క్యాండీ పారేయండి. నాలుగేళ్ల లోపు పిల్లలకి గట్టి క్యాండీ, గింజలు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. వేరుశనగ పడని పిల్లలుంటే ప్రతి రేపరూ చదవండి. అలాంటివాళ్ల కోసం టీల్ రంగు గుమ్మడికాయ పెట్టిన ఇళ్లలో తినేవి కాకుండా బొమ్మలు, స్టిక్కర్లు ఇస్తారు. శాకాహారులైతే గమ్మీల్లో (మెత్తగా సాగే క్యాండీల్లో) జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉందేమో చూసుకోండి. గంజాయి కలిపిన గమ్మీలు కొన్ని మామూలు క్యాండీలాంటి ప్యాకెట్లలోనే ఉంటాయి కాబట్టి తెలియని బ్రాండు పక్కన పెట్టేయండి. తినేశాక పిల్ల మత్తుగా ఉన్నట్టు అనిపిస్తే విషం లాంటివి తిన్నప్పుడు సలహా చెప్పే పాయిజన్ కంట్రోల్‌కి, 1-800-222-1222కి ఫోన్ చేయండి. రాత్రంతా పనిచేస్తుంది. ఊపిరి ఆడకపోయినా, లేపితే లేవకపోయినా నేరుగా 911.