వైరల్ న్యుమోనియా తగ్గాక ఆయాసం పోగొట్టుకోవడం ఎలా?

కోవిడ్ లేదా ఫ్లూతో న్యుమోనియా వచ్చి తగ్గినవాళ్లు చాలామంది, కూర్చుని ఆక్సీమీటర్‌లో 97 చూసి నిశ్చింతపడతారు. మెట్లెక్కితే మాత్రం ఆయాసం. కూర్చున్నప్పటి అంకె సగం సంగతే చెబుతుంది. ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడలు ఇంకా మందంగా ఉంటే, రక్తం వేగంగా పారేటప్పుడే ఆక్సిజన్ లోటు బయటపడుతుంది.

ముందు కొలవండి. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించండి. గోళ్లరంగు తుడిచేయండి, చల్లటి వేళ్లను రుద్ది వెచ్చబరచండి. లేకపోతే అంకె తప్పు రావచ్చు. మీటరు పెట్టి, అంకె నిలకడయ్యాక రాసుకోండి. అది 95 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నా, ఛాతీ నొప్పి ఉన్నా, ఈ పరీక్ష ఇంట్లో వద్దు. లేకుంటే చేతుల ఆసరా లేకుండా ఒక నిమిషం పాటు లేచి నిలబడుతూ, మళ్లీ కూర్చుంటూ ఉండండి. పక్కన ఒకరుండాలి. ఆపగానే మీటరు తీసేయకండి. అన్నిటికన్నా తక్కువ అంకె తరచూ ఆపిన కాసేపటికే కనబడుతుంది. మొదట రాసుకున్న అంకె కన్నా 3 లేదా అంతకన్నా ఎక్కువ పడితే డాక్టరుకు చూపించాలి.

శ్వాస. ముక్కుతో 2 లెక్కపెట్టేంతసేపు పీల్చి, వేడి పాలు ఊదినట్టు పెదాలు ముడిచి 4 లెక్కపెట్టేంతసేపు వదలండి. గట్టిగా ఊదితే తల తిరగొచ్చు. శ్వాస వ్యాయామానికి వాడే మూడు బంతుల స్పైరోమీటరుందా? అందులో ఊదకండి, పీల్చాలి. చాలామంది పొరపడేది ఇక్కడే.

నడక. చదును నేల మీద 5 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. నడుస్తూ మాట్లాడగలిగేంత వేగం చాలు. మూడు నాలుగు రోజులకోసారి 1 నిమిషం పెంచండి. మర్నాడో, ఎల్లుండో మంచం దిగలేనంత నీరసం వస్తే అది బద్ధకం కాదు, శ్రమ మితిమీరిందని గుర్తు. వెంటనే తగ్గించండి.

బీడీ, సిగరెట్ మానాల్సిందే. దోమల చుట్ట, అగరుబత్తి పొగ కూడా గదిలోకి రానివ్వకండి. పాత చీటీతో స్టెరాయిడ్ మాత్రలు కొనొద్దు. వాడుతున్నవి ఉన్నట్టుండి మానేయనూ వద్దు.

న్యుమోనియా తగ్గిన 12 వారాలకు ఎక్స్‌రే తీయించుకోండి. అది బాగున్నా ఆయాసం తగ్గకపోతే ఊదే శక్తిని కొలిచే స్పైరోమెట్రీతో పాటు, ఊపిరితిత్తుల నుంచి వాయువు రక్తంలోకి ఎంత బాగా దాటుతోందో చూసే డీఎల్‌సీఓ పరీక్ష గురించి అడగండి. ఊదే శక్తి మామూలుగా ఉండి, ఆక్సిజన్ రక్తంలోకి దాటడమే తగ్గి ఉండొచ్చు.

హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీల్చితే పొడిచినట్టు నొప్పి, కళ్లెలో రక్తం: వీటిలో ఏది కనబడినా ఊపిరితిత్తిలో రక్తపు గడ్డ అయి ఉండొచ్చు. ఒక పిక్క మాత్రమే వాచినా కాలిలో గడ్డ కట్టిందేమోనని అనుమానించాలి. తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.