పికప్‌కి సస్పెన్షన్ కొనేముందు కాటా వేయించండి

ఇసుజు వీ-క్రాస్ గానీ టొయోటా హైలక్స్ గానీ పికప్ కొన్నవాళ్లు సస్పెన్షన్ మార్చేముందు మొదట అడిగేది "బండిని ఎన్ని అంగుళాలు లేపొచ్చు?" అని. అది ఆఖర్న తేల్చుకోవాల్సిన సంగతి. స్టీల్ బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), క్యానొపీ (వెనక తొట్టి మీద కప్పు), టూల్‌బాక్స్, ఇలా బండి మీంచి ఎప్పటికీ దిగనివన్నీ బిగించాక ట్యాంకు నింపి వేబ్రిడ్జికి వెళ్లండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా కాటా వేయించండి. స్ప్రింగులు ఆ బరువుకి తగ్గట్టే ఎంచుకోవాలి కాబట్టి, ఆ రెండు అంకెలూ చేతిలో ఉంటే సస్పెన్షన్ కిట్ అమ్మేవాడు మీకు కథలు చెప్పలేడు.

ఈ రెండు బళ్లకీ ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా పట్టుకునే రెండు చేతులు), కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు. డబ్బులు దండగయ్యేది ఎక్కువగా కమాన్ల దగ్గరే. ఏడాదికోసారి వేసే లోడ్ కోసం, ఎప్పుడూ 300 కిలోలు మోసే బళ్లకి చేసిన కమాన్ కట్ట వేయిస్తారు. ఖాళీ బండికి అది వంగనే వంగదు, గుంతల్లో వెనక చక్రం నేలను వదిలేసి గాల్లో తిరుగుతుంది, వెనక సీట్లోవాళ్ల నడుములు పోతాయి. ఎక్కువగా ఖాళీగా తిరిగేవాళ్లు మెత్తటి కట్టే తీసుకోండి, అవసరమైనప్పుడు గాలి కొట్టుకునే ఎయిర్‌బ్యాగులు పెట్టుకోవచ్చు. అయితే బరువంతా టబ్బు (వెనక సామాను తొట్టి) చివర పెట్టి, తోక దిగిందని గాలి కొట్టి లేపారనుకోండి, ఛాసిస్సే వంగే ప్రమాదం ఉంది.

షాకబ్జర్లకి అసలు శత్రువు వేడి. గతుకుల మట్టిరోడ్డు మీద ఆపకుండా వేగంగా పోతే లోపల ఆయిల్ కాగి నురగ తేలుతుంది, అప్పుడు షాకబ్జర్ ఉన్నా లేనట్టే. మోనోట్యూబ్ (ఒకటే గొట్టం ఉన్న షాకబ్జర్) త్వరగా చల్లబడుతుంది కానీ రాయి తగిలి గొట్టం సొట్టపోతే పిస్టన్ ఇరుక్కుంటుంది. ట్విన్‌ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉన్నది) ఆ దెబ్బని కాస్త ఓర్చుకుంటుంది. రాళ్లలో మెల్లగా పాకే బండికి రిజర్వాయర్ షాకబ్జర్లు (ఆయిల్‌కి అదనపు డబ్బా ఉన్నవి) షోకే, నన్నడిగితే ఆ డబ్బు మంచి టైర్లకి పెట్టండి.

ఇక ఎత్తు. ముందువైపు 2 అంగుళాలు దాటితే సీవీ జాయింట్ల (ముందు చక్రాలకి శక్తి అందించే కీళ్లు) కోణం పెరిగి వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి, క్యాస్టర్ (స్టీరింగ్‌ని నిటారుగా నిలిపే వాలు) తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, చక్రాన్ని పైన పట్టుకునే కంట్రోల్ ఆర్మ్‌లు కూడా మార్చాల్సొస్తుంది. స్ట్రట్ (ముందు స్ప్రింగు, షాకబ్జర్ కలిసిన భాగం) పైన పెట్టే స్పేసర్ దిమ్మ చవకే, కానీ చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు సీవీ జాయింట్ల కోణాన్ని ఇంకా పెంచుతుంది.

ఎంత ఖరీదైన కిట్ వేసినా ఆర్‌సీలో రాసిన స్థూల బరువు (లోడుతో కలిపి బండికి అనుమతించిన బరువు) కిలో కూడా పెరగదు. ఆర్‌సీ వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌తో తేడా పడేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది, 2019లో సుప్రీంకోర్టూ అదే మాట అంది. కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్లతో, ఆర్టీఓతో ముందే మాట్లాడుకోండి.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి: రబ్బరు బుష్‌ల బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే ఫుల్ టైట్ చేయాలి, జాకీ మీద ఉండగా బిగిస్తే బుష్ మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. అలైన్‌మెంట్ చేయించి హెడ్‌లైట్ల వెలుగు కిందికి దించండి, 500 కిలోమీటర్లు తిరిగాక కమాన్‌ని ఇరుసుకి పట్టి ఉంచే యూ-బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించండి.