డబ్బు బిగుసుకున్న రోజుల్లో స్టార్టప్‌: ముందు రన్‌వే, ఆ తర్వాతే ఇన్వెస్టర్లు

చిన్న స్టార్టప్‌ల ఖాతాలు చూడటం నా పని. మార్కెట్ పడిపోయినప్పుడల్లా ఫౌండర్లు "ఏ ఇన్వెస్టర్‌ని కలవమంటారు?" అని అడుగుతారు. నేను బ్యాంకు స్టేట్‌మెంట్ తెమ్మంటాను. చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుందో, అంటే మీ రన్‌వే ఎంతో, తేలకుండా నిధుల కోసం బయల్దేరితే, ఎదుటివాళ్లు ఏ షరతు పెట్టినా తల ఊపాల్సి వస్తుంది.

ఖాతాలో 90 లక్షలున్నాయి, ఆదాయం పోను నెలకు 10 లక్షలు కరుగుతున్నాయి అనుకుందాం. తొమ్మిది నెలలు ఉన్నాయని ఫౌండర్ ధీమాగా ఉంటారు. కానీ అందులో కట్టాల్సిన పన్నులు, సప్లయర్ల బాకీలు, కంపెనీ మూసేయాల్సి వస్తే ఉద్యోగులకు ఇవ్వాల్సినవి కలిపి 20 లక్షలుంటే అసలు రన్‌వే ఏడు నెలలే. కష్టకాలంలో మొదటి మీటింగ్ నుంచి డబ్బు చేతికి వచ్చేదాకా ఆరు నెలలు వేసుకోవాలి. ఇక మిగిలింది ఒక్క నెల. ఈ లెక్క చూశాక టెన్షన్ పడటం సహజం, కానీ నిర్ణయాలు తీసుకోవడం మొదలయ్యేది కూడా అక్కడి నుంచే.

అందుకే వచ్చే డబ్బు, పోయే డబ్బు రాసే 13 వారాల క్యాష్ షీట్ ఒకటి పెట్టుకోండి. వారానికో గడి. ఇన్వాయిస్ పంపిన తేదీ రాయొద్దు, డబ్బు నిజంగా పడే తేదీ రాయండి. అమ్మకాలు బాగా పెరుగుతూనే జీతాలకు డబ్బు చాలని కంపెనీలను చూశాను. కస్టమర్లు మూడు నెలలకు చెల్లిస్తుంటే ఆ మూడు నెలల ఖర్చు మీ జేబులోంచే పోతుంది. ప్రతి సోమవారం ఫౌండరే స్వయంగా ఆ షీట్ సరిచూడాలి, అకౌంటెంట్‌కి వదిలేయకూడదు. డబ్బంతా ఒకే బ్యాంకులో పెట్టడం కూడా మానండి. 2023 మార్చి 10న అమెరికాలో ఎన్నో స్టార్టప్‌ల ఖాతాలున్న సిలికాన్ వ్యాలీ బ్యాంక్ మూతపడ్డప్పుడు, అక్కడి ప్రభుత్వం డిపాజిట్లన్నిటికీ భరోసా ఇచ్చేదాకా ఎన్నో స్టార్టప్‌లకు జీతాలు ఎలా ఇవ్వాలో తెలియలేదు.

ఖర్చుల సంగతి. ఎవరూ వాడని సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్లు, ఊరికే తిరుగుతున్న క్లౌడ్ సర్వర్లు, ఫలితం కనిపించని ప్రకటనలు ఒక్క మధ్యాహ్నంలో తీసేయొచ్చు. తర్వాత ఫౌండర్ల జీతం. ఉద్యోగులను తగ్గించక తప్పదనుకుంటే ఒక్కసారే చేయండి. నెలకు ఇద్దరు చొప్పున పంపుతుంటే మిగిలినవాళ్లు పని మానేసి తమ వంతు ఎప్పుడా అని చూస్తుంటారు, బాగా పనిచేసేవాళ్లు ముందే వెళ్లిపోతారు. అద్దె బసల కంపెనీ ఎయిర్‌బీఎన్‌బీ 2020 మేలో దాదాపు 1,900 మందిని, అంటే నాలుగో వంతు ఉద్యోగులను, ఒకే విడతలో తగ్గించింది. ఎందుకో, వెళ్లేవాళ్లకు ఏమిస్తారో సీఈవోనే స్పష్టంగా రాశారు. పంపేవాళ్లకు ఇవ్వాల్సింది పూర్తిగా ఇవ్వండి. ఈ విషయంలో నేను రాజీపడను.

నిధులకు మొదట కస్టమర్లనే అడగండి. ఏడాది డబ్బు ముందే కడితే పది పదిహేను శాతం తగ్గింపు ఇవ్వొచ్చు. వాటా పోదు, వడ్డీ ఉండదు. అయితే ఆ డబ్బుకు ఏడాది పొడుగునా సేవ బాకీ ఉన్నారని షీట్‌లో గుర్తు పెట్టుకోండి.

ఆ తర్వాత పాత ఇన్వెస్టర్లు. "మా కోసం ఇంకా ఎంత పక్కన పెట్టారు?" అని సూటిగా అడగండి. ఇప్పుడు పెట్టబోమంటే ఆ మాట ఇవాళే తెలియడం మంచిది. కొత్తవాళ్లు ఎందుకు వెనకాడతారో కూడా అర్థం చేసుకోండి. అమెరికాలో 2022 ఆరంభంలో సున్నా దగ్గరున్న ఫెడ్ (అక్కడి కేంద్ర బ్యాంకు) వడ్డీ రేటు 2023 జూలైకి 5.25–5.50 శాతానికి చేరింది. రిస్కు లేకుండానే అంత వచ్చే రోజుల్లో స్టార్టప్‌లో పెట్టడానికి గట్టి కారణం కావాలి. కాబట్టి ఒక్కో కస్టమర్‌ మీద మీకు మిగిలేదెంతో చూపించండి.

వాల్యుయేషన్, అంటే ఇన్వెస్టర్లు మీ కంపెనీకి కట్టే విలువ, తగ్గిందని కుంగిపోవద్దు. స్వీడన్ పేమెంట్స్ కంపెనీ క్లార్నా వాల్యుయేషన్ 45.6 బిలియన్ డాలర్ల నుంచి 2022 జూలైలో 6.7 బిలియన్లకు పడింది. అయినా డబ్బు తీసుకుని నిలబడింది, 2025లో న్యూయార్క్‌లో లిస్ట్ అయింది. నన్ను భయపెట్టేది పెద్ద వాల్యుయేషన్ చూపించి కింద పెట్టే షరతులు. ఒకరు 20 శాతం వాటాకు 2 కోట్లు పెట్టి, రెండింతల లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అడిగారనుకోండి, అంటే కంపెనీ అమ్ముడైతే పెట్టినదానికి రెట్టింపు అందరికంటే ముందు వాళ్లకే ఇవ్వాలి. కంపెనీ 5 కోట్లకు అమ్ముడైతే 4 కోట్లు ముందుగా వాళ్లవే, మీకూ ఉద్యోగులకూ అందరికీ కలిపి కోటి. అదే పెట్టిన 2 కోట్లే ముందుగా ఇచ్చే షరతైతే 3 కోట్లు మిగిలేవి. తక్కువ వాల్యుయేషన్, మామూలు షరతులు ఉన్నదే ఎంచుకోండి. ఫుల్ ర్యాచెట్ అనే షరతు ఉంటే, తర్వాతిసారి నిధులు తెచ్చే రౌండ్‌లో షేరు ధర తగ్గితే వాళ్ల పాత ధర కూడా పూర్తిగా అంతకు దిగుతుంది, ఆ నష్టం మీ వాటాలోంచి పోతుంది. దాని బదులు వెయిటెడ్ యావరేజ్ అడగండి, అందులో ఆ పాత ధర కొంతమేరకే తగ్గుతుంది. అప్పు తీసుకుంటే సొంత ఆస్తుల మీద పర్సనల్ గ్యారంటీ సంతకం పెట్టొద్దు.

పెట్టుబడి షరతులు రాసుకునే టర్మ్ షీట్ మీద సంతకాలయ్యాక కూడా చాలా డీల్స్ ఆగిపోతుంటాయి. డబ్బు ఖాతాలో పడేదాకా క్యాష్ షీట్‌లో ఆ గడిలో సున్నానే ఉంచండి, ఆపిన ఖర్చులు ఏవీ తిరిగి మొదలుపెట్టొద్దు.