జీసీలో పీక్ చోటు మారితే ముందు డెడ్ టైమ్ చూడండి

కాకినాడ నూనె రిఫైనరీల ల్యాబుల్లో పామాయిల్ శాంపిల్‌ని మిథైల్ ఎస్టర్లుగా (తేలిగ్గా ఆవిరయ్యే రూపంలోకి) మార్చి జీసీలో, అంటే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో వేస్తారు. కాలమ్ అనే సన్నటి పొడవాటి గొట్టంలోంచి వాయువు శాంపిల్‌ని తోసుకెళ్తే, ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికొచ్చి గ్రాఫ్‌లో పీక్‌గా కనబడుతుంది. రోజూ 16.00 నిమిషాలకు వచ్చే ఓలియిక్ ఆమ్లం పీక్ ఇవాళ 15.7కే వచ్చిందనుకోండి. గేటు దగ్గర ట్యాంకరు ఆగి ఉంటుంది కాబట్టి, విండో (ఆ పీక్‌ని గుర్తించే సమయ పరిధి) కాస్త పెంచేసి రిపోర్టు ఇచ్చేయాలనిపిస్తుంది. ఆ పని చేయొద్దు. పెంచిన విండోలోకి పక్క ఐసోమర్ (అవే పరమాణువులు, వేరే అమరిక ఉన్న పదార్థం) దూరితే అంకెలే మారిపోతాయి.

డెడ్ టైమ్ అంటే కాలమ్‌లో ఎక్కడా ఆగకుండా వెళ్లిపోయే వాయువు డిటెక్టర్‌ను చేరే సమయం. ఎఫ్ఐడీకి (మంటతో పనిచేసే డిటెక్టర్) మీథేన్ సరిపోతుంది. నేల కింద గ్యాస్ నిక్షేపాలున్న ప్రాంతమే అయినా ల్యాబులో మీథేన్ సీసా ఉండకపోవచ్చు. అప్పుడు సిగరెట్ లైటర్‌ని వెలిగించకుండా నొక్కి, ఆ గ్యాసును సిరంజిలోకి 5 మైక్రోలీటర్లు తీసుకుని ఇంజెక్ట్ చేయండి. ఒవెన్ 180 డిగ్రీల్లో ఉంటే బ్యూటేన్ కూడా దాదాపు ఆగకుండానే వచ్చేస్తుంది.

60 మీటర్ల కాలమ్‌లో హీలియం సెకనుకు 25 సెంటీమీటర్ల వేగంతో పోతుంటే డెడ్ టైమ్ 4.00 నిమిషాలు. ఇక 15.7 సంగతి. డెడ్ టైమ్ కూడా 3.93కి తగ్గితే తేడా గ్యాస్ వేగంలో ఉంది. 4.00 దగ్గరే ఉంటే తేడా ఒవెన్‌లోనో, కాలమ్ లోపలి పూతలోనో ఉంది. ఒవెన్ ఒక్క డిగ్రీ ఎక్కువైతే, డెడ్ టైమ్ పోగా మిగిలిన 12 నిమిషాల్లో రెండు మూడు శాతం తగ్గుతుంది. అంటే పీక్ సరిగ్గా అక్కడికే, 15.7 దగ్గరికే వస్తుంది. పీక్ ఒక్కదాన్నే చూస్తూ కూర్చుంటే ఈ రెండూ విడిపడవు.

వేగం పెరిగిందంటే మొదట అడగాల్సింది కాలమ్ ఎవరైనా కత్తిరించారా అని. ప్రెషర్ మారకపోతే సమయం పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అర మీటరు కోసినా 60 మీటర్ల కాలమ్‌లో 1.7 శాతం తగ్గుతుంది. కాన్‌స్టంట్ ఫ్లోలో (గ్యాస్ ప్రవాహాన్ని మెషీనే స్థిరంగా ఉంచే పద్ధతి) నడిపినా ఇదే గొడవ, ఎందుకంటే కొత్త పొడవు సాఫ్ట్‌వేర్‌లో మార్చకపోతే అది పాత ప్రెషరే ఇస్తుంది. పొడవు సరిచేసి, డెడ్ టైమ్ మళ్లీ 4.00 అయ్యేదాకా ప్రెషర్ కొద్దికొద్దిగా తగ్గించండి. స్థిర ఉష్ణోగ్రత మెథడ్‌లో మిగతా పీకులు వాటంతట అవే పాత చోటికి వస్తాయి.

వేగం తగ్గి పీకులన్నీ ఆలస్యమైతే లీకు వెతకండి. సెప్టమ్ (సిరంజి సూది గుచ్చే రబ్బరు బిళ్ల) వంద ఇంజెక్షన్లు దాటిందా? గ్రాఫైట్–వెస్పెల్ ఫెర్రూల్ (నట్టు కింద కాలమ్ చుట్టూ బిగిసే ఉంగరం) నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాక కుంచించుకుని నట్టు వదులవుతుంది. ఒవెన్ చల్లారాక పావు చుట్టు బిగించండి. సబ్బు నీళ్లు మాత్రం పూయొద్దు, లోపలికి పీల్చుకుంటుంది. ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉన్న ఇన్‌లెట్‌లో (శాంపిల్ లోపలికి వెళ్లే చోటు) చిన్న లీకు స్ప్లిట్ గ్యాసును (కాలమ్‌లోకి పోకుండా బయటికి వదిలే భాగం) తినేసి ప్రెషర్‌ని అలాగే ఉంచుతుంది. పీకులు చోటు మారవు, వాటి ఏరియాలే మారతాయి. లీకు పెద్దదయ్యాక గానీ సమయం కదలదు.

పీకులన్నీ, డెడ్ టైమ్‌తో సహా, సరిగ్గా అన్నే సెకన్లు పక్కకి జరిగాయా? చేత్తో ఇంజెక్ట్ చేసినవాళ్లు స్టార్ట్ బటన్ ఆలస్యంగానో తొందరగానో నొక్కారన్నమాట.

టెంపరేచర్ ప్రోగ్రామ్‌లో (రన్ నడుస్తుండగా ఒవెన్ వేడి పెంచుకుంటూ పోయే పద్ధతి) మొదటి పీకులు బాగుండి చివరివి ఆలస్యమైతే సిలిండర్ రెగ్యులేటర్ చూడండి. కాన్‌స్టంట్ ఫ్లోలో ఒవెన్ వేడెక్కేకొద్దీ ఇన్‌లెట్‌కు ఎక్కువ ప్రెషర్ కావాలి. మెథడ్‌లో వచ్చే గరిష్ఠ ప్రెషర్ కన్నా రెగ్యులేటర్ కనీసం 1 బార్ ఎక్కువ ఇవ్వాలి. దానికి విరుద్ధంగా, మొదటి పీకులే కదిలితే ఒవెన్ పూర్తిగా చల్లారకుండానే రన్ మొదలై ఉంటుంది. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగిన గదిలో 40 డిగ్రీలకు దిగడం కష్టం. ప్రారంభాన్ని 50కి పెంచి, 3 నిమిషాలు నిలకడ సమయం ఇవ్వండి. అయితే అది కొత్త మెథడ్ కింద లెక్క, స్టాండర్డ్ (భాగాలు ముందే తెలిసిన శాంపిల్) మళ్లీ వేయాలి.

తుపాను రోజుల్లో పీక్ కదిలితే తప్పంతా వాయుగుండం మీదకి నెట్టేస్తుంటారు. పాత గేజ్ రెగ్యులేటర్‌తో (బయటి గాలి పీడనంతో పోల్చి ప్రెషర్ ఇచ్చేది) 2 బార్ల మీద నడిచే మెషీన్‌లో, గాలి పీడనం 30 మిల్లీబార్లు పడినా 16 నిమిషాల పీక్ జరిగేది రెండు మూడు సెకన్లే.

ఒక్క పామిటిక్ ఆమ్లం పీకే ఆలస్యమై, ముందువైపు వాలుగా ఉండి వెనక నిటారుగా పడిపోతుంటే కాలమ్ ఓవర్‌లోడ్ అయింది, అంటే మోయగలిగినదానికన్నా ఎక్కువ శాంపిల్ పడింది. శాంపిల్ పదింతలు పలుచన చేసి వేయండి. పీక్ తన చోటికి వస్తే మెషీన్ జోలికి పోనక్కర్లేదు.