పాస్‌వర్డ్ మరిచిపోయారా? ముందు కన్ను గుర్తు నొక్కండి

విండోస్ కంప్యూటర్ పాస్‌వర్డ్ తీసుకోవడం లేదని వెంటనే బెంబేలెత్తకండి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకున్నవారికి ఇది తరచూ ఎదురయ్యేదే. పాస్‌వర్డ్ గడి చివరనున్న కన్ను గుర్తును నొక్కితే మీరు కొట్టిన అక్షరాలు కనిపిస్తాయి. అక్కడ తెలుగు పడుతుంటే, విండోస్ మీట పట్టుకుని స్పేస్‌బార్ నొక్కండి, ఇంగ్లీషుకు మారుతుంది. మా ఇంట్లో రెండుసార్లు తాళం తీసింది ఈ చిన్న పనే.

నిజంగానే మరిచిపోతే, ఈమెయిల్‌తో తెరిచే మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే ఫోనులోనే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. తర్వాత ఆ కొత్త పాస్‌వర్డ్ తీసుకోవాలంటే కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఉండాలి. లోకల్ ఖాతాకైతే, అంటే ఆ ఒక్క కంప్యూటర్‌కే పరిమితమైనదానికైతే, ఒకసారి తప్పు కొట్టాక గడి కింద రీసెట్ లింకు వస్తుంది. మొదట్లో మీరు పెట్టుకున్న మూడు ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. దయచేసి ఇవన్నీ చూడకుండా ఫార్మాట్‌కు, అంటే కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేయడానికి మాత్రం ఒప్పుకోకండి. అందులో పిల్లల ఫోటోలుంటాయి.